గుడ్డ కుక్కిన గంట

కుంచెలు కడిగే గ్లాసూ టీ గ్లాసూ ఒకే రకానివి కావడంతో ఆమె రోజూ పొద్దున ఒకసారైనా పొరపాటు పడుతుంది. ఇవాళా పడింది. నాలుకకు రంగునీళ్ల చేదు తగలగానే మొహం వికారంగా పెట్టి, మోచేత్తో మూతి తుడుచుకుని, రెండు గ్లాసులనూ బల్లకు చెరో మూలకు జరిపింది. ఇలా జరపడమూ రోజూ ఉన్నదే. మధ్యాహ్నమయ్యేసరికి అవి మళ్లీ పక్కపక్కకు చేరిపోతాయి.

ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేది ఆ బల్ల. తెల్లవారుజామున అది ఆమె పనిబల్ల. కాసేపటికి బొమ్మలన్నీ ఒక పక్కకు నెట్టేస్తే తిండిబల్ల. పళ్లేలు తీసేస్తే బడి. బడి అయ్యీ అవకముందే దాని మీద దుప్పటి పరిచి బట్టలు ఇస్త్రీ చేస్తారు. ఒక అంచున కత్తిగాట్లు, ఇంకో అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, మధ్యలో ఎప్పుడో పిల్ల మేకుతో గీకిన గుణకారం. ఆ గుణకారం తప్పు. తప్పని తెలిశాక దాని కిందే మళ్లీ సరిగ్గా గీకింది. బల్లకు నోరుంటే ఏనాడో రాజీనామా ఇచ్చి ఉండేది.

ఆమె బడిపుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. వీధిలో వాళ్లకు ఆమె పేరుతో పని పడలేదు, బొమ్మలావిడ అంటే చాలు. ఏ ఇంట్లో పిల్లల సంచి తెరిచినా ఆమె వేసిన కప్పో, కాకో, గింజలోంచి తల పైకెత్తిన మొలకో ఉంటుంది. ఆమె కూతురు మాత్రం బడికి వెళ్లదు. ఈ సంగతికి వీధి మొదట నవ్వుకుంది, తర్వాత ముక్కున వేలేసుకుంది, ఆ తర్వాత అలవాటు పడిపోయింది. కొత్తవాళ్లెవరైనా "ఏ క్లాసు పాపా?" అని అడిగితే, మిడత "క్లాసు లేదు, వాగుంది" అనేది. మిడత అంటే కూతురే. నడక రాకముందే గెంతడం వచ్చిందని వాళ్ల నాన్న పెట్టిన పేరు. పదకొండేళ్లు వచ్చినా అదే పిలుపు.

ఈ మధ్య మిడత అలా అనడం మానేసింది. ఎవరైనా క్లాసు అడిగితే తన చెప్పుల వంక చూసుకుంటోంది.

ఇవాళ సాయంత్రం బస్సుకు మిడత మేనత్తతో వెళ్లిపోతుంది, ఆవిడ ఊళ్లో బడిలో చేరడానికి. ఇక్కడి బడివాళ్లు ముందు చదివిన కాగితాలు లేనిదే కుదరదన్నారు. అక్కడి పెద్దమేడం పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, కొన్ని లెక్కలిచ్చి చూసి, పంపించండి అంది. మేనత్త ఇల్లు బడికి సరిగ్గా ఎదురు. అన్నీ అమరిపోయాయి. "వెళ్తావా?" అని అమ్మ అడిగితే మిడత తలూపింది. "మనసు మారితే చెప్పు. బస్సెక్కేదాకా చెప్పొచ్చు" అంటే దానికీ తలూపింది.

ఆ రెండో తలూపు పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ నెట్టుకొస్తోంది.

ఆమె పెట్టుకున్న ఆశ చాలా చిన్నది. చిటికెనవేలి కణుపంత ఉంటుంది. వాగు గట్టున ఎవరిదీ కాని నిమ్మచెట్టొకటి ఉంది. దాని కొమ్మకు ఒక సీతాకోకచిలుక పురుగు గూడు కట్టుకుంది. గుడ్డుగా ఉన్నప్పటి నుంచీ మిడత దాన్ని రోజూ వెళ్లి చూస్తోంది. మొదట పిట్టరెట్టలా ఉన్న పురుగు, తర్వాత ఆకులా పచ్చబడి, తర్వాత ఆకులన్నీ తిని, చివరికి ఒకచోట కదలకుండా ఉండిపోయింది. నిన్నటికి గూడు నల్లబడింది. నల్లబడితే మర్నాడు పొద్దున పగులుతుంది. అంటే ఇవాళ. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూస్తారు. అది చూశాక ఏ పిల్లయినా నాలుగు గోడల మధ్యకు వెళ్తానంటుందా? అంత చిన్న పురుగు మీద అంత బరువు పెట్టడం తెలివైన పని కాదని ఆమెకూ తెలుసు. అయినా పెట్టింది.

ఇవాళే మధ్యాహ్నం కొరియరబ్బాయి వచ్చి పుస్తకంలోని ఆఖరి బొమ్మ పట్టుకెళ్లాలి. బొమ్మ దాదాపు అయిపోయింది. వాగు ఒడ్డున బురద చొక్కాతో, చెప్పుల్లేకుండా, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒక పాప నిమ్మకొమ్మ వంక చూస్తోంది. కొమ్మకు గూడు ఉంది. నిన్ననే దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, తనతో బొమ్మలు వేయించుకునే పుస్తకాలాయనకు పంపింది. ఆయన నుంచి జవాబు రాలేదు. రాలేదంటే బాగుందనైనా అర్థం, ఇంకా చూడలేదనైనా అర్థం.

మణికట్టు నిన్నటి నుంచి సలుపుతోంది. మెడ అయితే ఏళ్ల నుంచీ సలుపుతూనే ఉంది గనక దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎడమచేత్తో మణికట్టు నొక్కుకుంటూ లేచి, ఉడుకుతున్న గుడ్ల కింద మంట తగ్గించి, నానబెట్టిన బట్టల బకెట్టును కాలితో పక్కకు నెట్టి, కిటికీలోంచి వాగు వైపు చూసింది. మంచు ఇంకా విడలేదు. ఇంకా టైముంది.

మిడత వాళ్ల నాన్న వచ్చాడు. బ్రెడ్డు కంపెనీ వ్యాను నడుపుతాడు. వీధి లేవకముందే వెళ్లి కొట్లన్నిటికీ వేసి, అందరూ పనులకు బయల్దేరే వేళకు ఇంటికొచ్చి పడుకుంటాడు. అంచు విరిగిన బ్రెడ్డు ఒకటి బల్ల మీద పెట్టి, బొమ్మకు తగలకుండా దూరంగా కూర్చున్నాడు.

"అక్క బయల్దేరిందట."

"ఊఁ."

"నీకు కష్టంగా ఉంటే..."

"నాకేం కష్టం?"

ఆయన బ్రెడ్డును ఇంకొంచెం అవతలికి జరిపాడు. ఎప్పుడూ అంతే. మీరిద్దరూ ఒక పార్టీ, నేను వ్యాను డ్రైవర్ని అంటూ తప్పుకుంటాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. ఆ ఇంట్లో ఒకరి అలసట ఇంకొకరికి అడ్డం రాకుండా వంతులవారీగా నడుస్తుంది.

మిడత లేచి వచ్చి గుడ్డు పెంకు తీస్తూ అడిగింది. "పెన్సిళ్ల డబ్బా ఎక్కడమ్మా? అత్త రెండు తెచ్చుకోమంది."

ఆమె అలమారు పైఅరలో చెయ్యి పెట్టి తడిమింది. డబ్బా వెనక చల్లగా ఏదో తగిలితే బయటికి లాగింది. సైకిల్ గంట.

మిడతకు ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్న దాన్ని పాతసామాన్ల కొట్లోంచి తెచ్చి బల్ల అంచుకు మరలతో బిగించాడు. పాఠం అయిపోగానే గంట కొట్టే ఉద్యోగం మిడతది. కొట్టి, "బడి వదిలేశారహో" అని అరుస్తూ ఒక్క గెంతులో గుమ్మం దాటేది. కొన్నాళ్లు బాగానే సాగింది. కానీ పాఠం చెబుతూనే ఆమె బొమ్మ కూడా వేసుకునేది. పాఠం ఎక్కడ ఆగిందో పని ఎక్కడ మొదలైందో ఆమెకే తెలిసేది కాదు. ఒకరోజు పిట్ట రెక్కలో ఈకలు ఒక్కొక్కటే గీస్తుంటే చెవి పక్కన గంట మోగింది. కుంచె పిట్ట మెడ మీదుగా ఆకాశంలోకి పోయింది. ఎన్నో రోజుల పని. ఆమె పిల్లను కొట్టలేదు, కేకలూ వెయ్యలేదు. కుంచెలు తుడిచే గుడ్డను నలిపి గంటగిన్నె లోపలికి కుక్కి, "పని అయ్యాక తీస్తాలే" అంది. పని అవలేదు. ఒక పుస్తకం పూర్తయ్యేలోగా ఇంకో పుస్తకం వచ్చింది. కొన్నాళ్లకు బల్ల తుడుస్తుంటే అడ్డం వస్తోందని మరలు విప్పి, గుడ్డతో సహా పైన పడేసింది.

గంటను ఉన్నచోటే పెట్టి డబ్బా తీసి ఇచ్చింది. మిడత గంట వంక చూసిందో లేదో ఆమె గమనించలేదు.

ఆమె ఇలాంటి బతుకు కావాలని ఎంచుకున్నదే. చిన్నప్పుడు ఆఖరి బెంచీలో కూర్చుని పాఠం పుస్తకాల అంచుల మీద పిట్టలు గీసినందుకు అరచేతులు వాచేలా దెబ్బలు తింది. తనకు పిల్ల పుడితే ఆ బెంచీ మీద కూర్చోబెట్టనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. అచ్చాఫీసులో నెలజీతానికి బొమ్మలు వేసేది. కడుపుతో ఉన్నప్పుడు అది మానేసి, ఇంట్లోనే ఉండి బొమ్మలు వేస్తాను, పిల్లను చెట్ల మధ్య పెంచుతాను, రెండూ చేస్తాను అంది. అనడం తేలిక. రాళ్లతో కూడికలు, వాగు లోతుతో కొలతలు, బురదలో పుల్లతో అక్షరాలు. పిల్లకు చదువు రాలేదని ఎవరూ అనలేరు. కానీ ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో కుంచెను, లేని మూడో చేత్తో గరిటెను పట్టుకుని ఇన్నేళ్లు గడిచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నిజం చెప్పాలంటే, మిడత వెళ్తానన్న రోజు ఆమెకు గుండె గుభేలుమనడానికి సరిగ్గా ఒక్క క్షణం ముందు, హమ్మయ్య అనిపించింది. ఇక పొద్దుటిపూట బల్ల తనదే కదా అనిపించింది. ఆ ఒక్క క్షణానికి ఆమె తనను తాను ఇంతవరకు క్షమించుకోలేదు.

వాగు ఇంటి వెనకే. పెరటి తలుపు తీసి, పక్కింటి కంచె దాటి, పాత ఇటుకల కుప్ప చుట్టి వెళ్తే చాలు. మిడత ముందు నడుస్తోంది. గడ్డి మీది నీళ్లకు కాళ్లు మోకాళ్ల దాకా తడిసిపోయాయి. వెనక ఆమె, భుజాన సంచి, సంచిలో బొమ్మల పుస్తకమూ పెన్సిలూ. ఎక్కడికెళ్లినా ఆ సంచి ఉండాల్సిందే.

నిమ్మచెట్టు దగ్గర మిడత మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుంది. ముట్టుకోబుద్ధి పుట్టకుండా చేతులు వెనక్కి పెట్టుకుని చూడడం ఆమె నేర్పిందే. గూడు బాగా నల్లబడి, లోపలి రెక్కల మీది లేతపసుపు మచ్చలు పైకి కనిపిస్తున్నాయి.

"అమ్మా, ఇది తలకిందులుగా ఉంది."

"ఏదీ?"

"గూడు. నిన్న పెట్టె సర్దుకోవడంలో నేను రాలేదు గానీ, మొన్న తల పైకి ఉంది. నడుముకి దారం చుట్టుకుని, తల పైకి పెట్టి ఉంది."

"గాలికి కొమ్మ విరిగి తిరగబడిందేమోలే."

మిడత ఒక ఆకును వేలితో పక్కకు తప్పించింది. తెగిన కొమ్మ కొనను చెట్టుకు కలుపుతూ ఎర్రదారం చుట్టి ఉంది. కుంచె వెంట్రుకలు ఊడిపోతుంటే ఆమె చుట్టే దారం అది.

"గాలి దారం కట్టదు కదమ్మా" అంది మిడత.

ఆమె మొన్న సాయంత్రం మిడత స్నానానికి వెళ్లినప్పుడు గబగబా వచ్చి కత్తెరతో కొమ్మ కోసి తీసుకెళ్లింది. గ్లాసులో నిలబెట్టి, దీపం దగ్గరికి జరుపుకుని, గూడు మీది ప్రతి బుడిపెనూ, ప్రతి గీతనూ చూసి చూసి గీసింది. మర్నాడు పొద్దున్నే, సరిగ్గా తెల్లారకముందే, తెచ్చి కట్టేసింది. గీసేటప్పుడు అన్ని బుడిపెలు కనిపించిన కళ్లకు, కట్టేటప్పుడు తల ఎటో కాలు ఎటో కనిపించలేదు.

"బొమ్మకి కావలసి వచ్చింది. నీకు చెప్పాల్సింది."

"చెప్తే వద్దంటానని చెప్పలేదు" అంది మిడత. గొంతులో కోపం లేదు. "కప్పలప్పుడూ అంతే కదా. మనం ఎప్పుడూ నీ పుస్తకంలో ఏముంటే అదే చూస్తాం. కప్పల పుస్తకం వస్తే కప్పలు, విత్తనాల పుస్తకం వస్తే విత్తనాలు. నాకు చీమలు చూడాలని ఉండేది. చీమల పుస్తకం రానే లేదు."

ఆమె కాదని చెప్పడానికి ఒక్క రోజైనా గుర్తొస్తుందేమోనని వెతుక్కుంది. వాన వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. వానలో తడిసి వచ్చాక వాన బొమ్మ వేసిన సంగతీ గుర్తొచ్చింది.

"అందుకేనా వెళ్తున్నావు?"

"కాదు. అక్కడ గంట కొడతారు."

"గంటేంటి?"

"లెక్కలప్పుడు గంట కొడితే లెక్కలైపోతాయి. ఇంక వాటి గురించి ఎవరూ మాట్లాడరు. సాయంత్రం కొడితే అందరూ లేచి ఇళ్లకి పోతారు. అత్త వాళ్లింటి అరుగు మీంచి చూశా. మనింట్లో ఏదీ అయిపోదమ్మా. అన్నం తింటుంటే పాఠం, పాఠం చెప్తుంటే నీ పని. నీకూ అయిపోదు."

ఆ ఆఖరి మాట దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేక వాగు వైపు తిరిగి ముక్కు చీదింది. నీకూ అయిపోదు అని ఇంతకాలంలో ఎవరూ ఆమెతో అనలేదు. మొగుడు అనలేదు, పుస్తకాలాయన అసలే అనడు.

మిడత ముడి విప్పింది. కొమ్మను తిప్పి, గూడు తల పైకి వచ్చేలా పట్టుకుని, ఎర్రదారం మళ్లీ చుట్టింది. ఊపిరి బిగబట్టి, నాలుక పెదవుల మధ్య పెట్టుకుని, నెమ్మదిగా. పని చేసేటప్పుడు ఆమె పెట్టే మొహం కూడా అదే.

ఇద్దరూ కూర్చున్నారు. ఎండ నీళ్ల మీదికి వచ్చింది. ఆమె సంచి తీసి దూరంగా, వీపు వెనక పెట్టుకుంది. అప్పుడు సంచిలో ఫోన్ మోగింది.

"అమ్మా, బొమ్మ బ్రహ్మాండం" అన్నాడు పుస్తకాలాయన. బ్రహ్మాండం అన్నాడంటే వెనక ఏదో ఉంది. "ఒక్క చిన్న మార్పు. ఆ పాపకి యూనిఫాం వెయ్యాలి. బడి పుస్తకంలో ఆ బురదేంటని ఇక్కడ పెద్దలు అడుగుతున్నారు. నీలం చొక్కా, బూట్లు, మెడకి టై."

"వాగు దగ్గర టై ఎందుకండీ?"

"టై ఉంటే బడిపిల్ల అని తెలుస్తుంది కదమ్మా. మధ్యాహ్నం మా కుర్రాడొస్తాడు. ఇవాళ దాటితే అచ్చుకి వెళ్లదు."

ఆమె లేచింది. "ఇదిగో, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా. అది పగలడం మొదలైతే గట్టిగా కేకెయ్యి."

"కేకేస్తే అది భయపడుతుందమ్మా."

"మరి..."

"నువ్వెళ్లు" అంది మిడత, గూటి మీది నుంచి కళ్లు తిప్పకుండా.

ఇలా వెళ్లి అలా రావడం అనేది బొమ్మలు వేసేవాళ్ల బతుకులో లేదు. తెల్లరంగు చిక్కగా కలిపి ముందు చొక్కా మీది బురద మూయాలి. ఒక పూత వేసింది. ఆరాక చూస్తే బురద పైకి తేలింది. ఇంకో పూత వేసింది. ఎంత శ్రద్ధగా వేసిందో ఆ బురదను మొదట! అరచేతులు తుడుచుకున్న గుర్తులు, నేరేడుపండు మరక, భుజం మీద నాచు. అవన్నీ మిడత చొక్కా మీద చూసి వేసినవే. ఇప్పుడు ఒక్కొక్కటీ చెరిపేస్తుంటే చెయ్యి ముందుకు సాగలేదు. పక్కగదిలో ఆయన గురక. స్టవ్ మీద బంగాళాదుంపలు. లేచి మంట తగ్గించి వచ్చింది, బట్టలు పిండి వచ్చింది, నీలం పూసింది. కాలర్ కుట్టింది, అంటే కుంచెతోనే. పాదాలకు బూట్లు తొడిగి, వేళ్ల సందుల్లోని మట్టిని నల్లరంగు కింద దాచేసింది. టై ముడి దగ్గర చాలాసేపు తంటాలు పడింది. మధ్యలో రెండుసార్లు కిటికీ వైపు తలెత్తింది. కేక వినపడలేదు. వినపడదని మిడత ముందే చెప్పిన సంగతి ఆమె మరిచిపోయింది.

తలుపు చప్పుడైంది. మిడత కాళ్లు కడుక్కుని లోపలికొచ్చింది.

"మొదలైందా?" ఆమె కుంచె పట్టుకునే లేచింది.

"వచ్చేసింది. ఎగిరి కూడా పోయింది."

ఆమె మళ్లీ కుర్చీలో కూలబడింది. గోడ గడియారం వంక చూడడానికి భయమేసింది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూద్దామని కదా ఇన్నాళ్లూ ఎదురుచూసింది, ఆశంతా దాని మీదే కదా పెట్టుకుంది. అది పగిలింది, ఎగిరింది. తను ఇక్కడ టై కడుతూ కూర్చుంది.

"ఎలా వచ్చింది?" అంది చివరికి.

"ముందు వీపు దగ్గర చీలింది. కాళ్లు పెట్టి నెట్టుకుంది. బయటికొచ్చాక రెక్కలు పిండేసిన బట్టల్లా ముడతలు పడి, చిన్నగా ఉన్నాయి. పొట్టేమో ఇంత లావు. చాలాసేపు ఊరికే వేలాడింది. ఏమీ చెయ్యలేదు. నేనూ ఏమీ చెయ్యలేదు." మిడత మొహంలో వెలుగు ఇంకా ఉంది. "తర్వాత రెక్కలు సాగుతూ సాగుతూ..."

రెక్క ఎంత సాగిందో మిడత అరచెయ్యి విప్పి చూపిస్తుంటే, ఆమె చెయ్యి దానంతటదే పెన్సిల్ అందుకుంది. మిడత అది చూసింది. ఆగి, చిన్నగా నవ్వింది.

"గీసుకో, పర్లేదు."

ఆమె పెన్సిల్‌ను బల్ల మీద పెట్టేసింది. అది దొర్లుకుంటూ వెళ్లి కింద పడింది. ఇద్దరూ తియ్యలేదు. మిడత బొమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. బొమ్మలో ఉన్నది తనేనని మిడతకు తెలుసు. చాలాసేపు చూశాక వేలు తగలకుండా చూపించింది.

"జేబు ఎడమవైపు ఉంటుందమ్మా. నా యూనిఫాంకి ఎడమవైపు ఉంది."

ఆమె జేబును కుడివైపు వేసి ఉంది. మళ్లీ తెల్లరంగు కలిపింది.

భోజనాలవేళకు వదిన వచ్చింది. ఆయన అక్కగారు, పోస్టాఫీసులో గుమాస్తా. ఏ పనైనా ముద్ర వేసినట్టు ఠక్కున చేసేస్తుంది. వచ్చీ రాగానే మిడత పెట్టె ఎత్తి చూసింది.

"ఇదేంటే ఇంత బరువు? రాళ్లేమైనా పెట్టావా?"

"రాళ్లే అత్తా."

"మా ఊళ్లో రాళ్లు లేవనుకున్నావా?"

"ఇవి కావుగా."

వదిన పెట్టె కింద పెట్టేసింది. అవి మిడత లెక్కలు నేర్చుకున్న వాగురాళ్లు. తర్వాత ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించి, "నువ్వేం బెంగపెట్టుకోకమ్మా, సెలవులకి నేనే తెచ్చి దింపుతా. అద్దంలో చూసుకున్నావా ఎలా చిక్కిపోయావో? ఇప్పుడైనా కాస్త నిద్రపో" అంది. ఆ మాటలో ప్రేమే ఉంది. అయినా ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. పిల్ల పోతే నిద్రపడుతుందని అందరికీ ఎలా తెలిసిపోయిందో అనుకుంది.

తిన్నాక ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలో ఏదో మర బిగిస్తున్న కిర్రు కిర్రు చప్పుడు వినిపించింది. పెట్టె గొళ్లెం ఎప్పటి నుంచో వదులు, మిడత బాగుచేసుకుంటోందనుకుంది. కాసేపటికి మిడత వంటింట్లోకి వచ్చి, కుళాయి కింద ఏదో గుడ్డ ఉతికి పిండుకుపోయింది. చేతిరుమాలు కాబోలు అనుకుంది. అడగడానికి తీరిక లేదు. కొరియరబ్బాయి ఇంకా రాలేదు. బస్సు వేళ అయింది.

ఆయన వ్యాను గుమ్మం ముందు ఆపాడు. బ్రెడ్డు ట్రేల మధ్య పెట్టె సర్దాడు. బస్‌స్టాండ్ దాకా ఆమె కూడా వెళ్లాలనే అనుకుంది. జుట్టు దువ్వుకుని, చెప్పులు వేసుకుని సిద్ధంగానే ఉంది. కొరియరబ్బాయికి ఫోన్ చేస్తే దారిలో ఉన్నానన్నాడు. ఆ దారి ఎంత పొడవో వాడికే తెలియాలి. ఇంటికి తాళం వేస్తే వాడు తిరిగి వెళ్లిపోతాడు. వెళ్లిపోతే పుస్తకం ఆగిపోతుంది.

ఆమె గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది.

"మనసేమైనా..." అని మొదలుపెట్టింది.

మిడత ఆమె నడుము చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుంది. గట్టిగా, ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది. కొత్త చొక్కా గంజి వాసన వేసింది. తల మాత్రం వాగు వాసనే. తర్వాత చేతులు విడిచి, "నువ్వు పని చూసుకో అమ్మా. బస్‌స్టాండ్‌లో ఏముంటుంది? అన్నీ బస్సులే" అంది.

ముందుసీట్లో అత్త పక్కన గెంతి కూర్చుంది. ఆ గెంతు మాత్రం ఆరేళ్లప్పటిదే. వ్యాను వీధి మలుపు దగ్గర నెమ్మదించింది. చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఊగింది. తర్వాత మలుపు తిరిగిపోయింది.

ఆమె చెప్పులు విప్పుతుండగానే కొరియరబ్బాయి బండి వచ్చి ఆగింది.

"లేటయిందాండీ?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"లేదు బాబూ" అంది. ఇంకాస్త ముందొచ్చి ఉంటేనా అని నోటి దాకా వచ్చింది. వాడి మీద పడి ఏం లాభం? అట్టల మధ్య బొమ్మ పెట్టి, దారం కట్టి ఇచ్చేసింది. నీలం చొక్కా, టై, బూట్లు, ఎడమవైపు జేబు. మిడత ఇల్లు వదిలిన కాసేపటికి బొమ్మలో మిడత కూడా వదిలి వెళ్లిపోయింది.

లోపలికి వచ్చింది. ఇల్లు ఖాళీగా లేదు, ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పొయ్యి దగ్గర తోమిన గిన్నెలు, తీగ మీద బట్టలు, కింద పొద్దున దొర్లిపోయిన పెన్సిల్. వంగి పెన్సిల్ తీసింది. నడుం పట్టేసింది. ఏడవాలనిపించింది గానీ ఏడవడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. టీ పెట్టుకుని, గ్లాసు తెచ్చి కూర్చోబోయి, బల్ల దగ్గర ఆగింది.

కుంచెల గ్లాసు నీళ్లు మార్చి ఉన్నాయి. దాని అంచు మీద ఒక పాతగుడ్డ ఆరేసి ఉంది. ఎంత ఉతికినా పోని నీలాలు, పచ్చలు, ఎప్పటివో పిట్టరెక్కల ఎరుపులు. ఏ గుడ్డో గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది.

గుర్తుపట్టాక బల్ల అంచుకు చూపు మళ్లింది. పాత రంధ్రాల్లో కాదు గానీ, పాత మరలతోనే, కొంచెం వంకరగా, సైకిల్ గంట బిగించి ఉంది. కుర్చీలో కూర్చుంటే ఆమె కుడిచేతికి అందేలా ఉంది. పిల్లదాని చేతికి అందే వైపు కాదు.

ఆమె బొటనవేలితో మీట నొక్కింది. అది గరగరమని బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కింది. ఈసారి మోగింది. గెంతుకుంటూ బయటికి పరుగెత్తడానికి ఇంట్లో ఎవరూ లేరు. మోత ఆగిపోయేదాకా కదలకుండా నిలబడి, కుర్చీలోకి జారి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కిటికీలోంచి ఎండ ఇంకా వస్తూనే ఉంది.

ఆ వెలుగు గంటగిన్నె అంచు కింద నుంచి లోపలికి పడింది. ఇన్నేళ్లూ గుడ్డ ఒత్తుకుని ఉన్నచోట తుప్పు గుండ్రంగా మరక కట్టి ఉంది.